మొదటి పేజీలో అక్క

పిల్లల భద్రత అన్న మాట శీర్షికలో ఒకసారి, మొదటి వాక్యంలో ఒకసారి, ఆ తర్వాత పేరాకొకటి చొప్పున చల్లాలి, గుప్పిళ్ళతో పోస్తే వెతికిపెట్టే యంత్రం మొహం తిప్పుకుంటుంది, తక్కువైతే అసలు మొహమే చూడదు, అచ్చం అత్తగారే, అనుకుని, అత్తగారు ఊళ్ళో లేదు కాబట్టి ధైర్యంగా పైకే నవ్వి, ఆమె కొత్త వ్యాసానికి పేరు పెట్టింది, పిల్లల భద్రతకు మంచి డేకేర్‌ను ఎంచుకోవడం ఎలా, పెట్టి కుర్చీ వెనక్కి జరపబోతే మంచం కోడు తగిలింది, ముందుకు జరిపితే గోడ, బీరువాకీ మంచానికీ మధ్య ఇరికించిన ఈ బల్ల దగ్గరే ఏళ్ళ తరబడి ఆమె ఉద్యోగం, జనం ఏదైనా వెతికితే క్లయింట్ల పేజీ ముందు కనబడేలా రాయడం, రాసి రాసి ఇంట్లో మాట కూడా అలాగే తయారైందని మొగుడి ఫిర్యాదు, మోటారు ఆపండి, మోటారు ఆపకపోతే నీళ్ళు పోతాయి, మోటారు స్విచ్చి తలుపు పక్కనే, అంటే, ఒక్కసారి చెప్తే చాలే తల్లీ, నేనేం కంప్యూటర్నా, అన్నాడు, అని మూడోసారి చెప్పాకే లేచాడు, కంప్యూటర్‌కూ ఆయనకూ తేడా ఏమిటో ఆమెకింకా అంతుబట్టలేదు.

ఈ డేకేర్ పని అప్పగించేటప్పుడు టీం లీడర్ ఎంత తేలిగ్గా చెప్పింది, మేడమ్, వీళ్ళ పేరు కొట్టగానే ఎవరో రాసిన కంప్లయింట్ పైకొస్తోంది, తీయించడం మన చేతిలో లేదు, దాని మీద మంచి పేజీలు పేర్చేస్తే అదే అడుక్కి పోతుంది అని, సరేనండీ అని తెరిచి చూస్తే రాసినవాళ్ళ పేరు లేదు, ఒక తల్లి అని మాత్రం ఉంది, నేను గొడవకు రాలేదు, చెప్పడానికి వచ్చాను అని మొదలైంది, చిన్నప్పటి నుంచి గొడవకు వెళ్ళిన ప్రతి గుమ్మంలోనూ అక్క మొదట అనేది ఈ మాటే, ఇక పేరెందుకు, వేడినీళ్ళు పడి పాప చెయ్యి కాలితే ఫోన్ చేయకుండా పొడుగు చేతుల గౌను తొడిగి సాయంత్రం అప్పగించారని, గౌను మాది కాదే అని అడిగితే మీ పాప నీళ్ళతో ఆడుకుని తడుపుకుందండీ అన్నారని, స్నానం చేయించబోతేగాని తనకు తెలియలేదని, పిల్లల్ని అక్కడ చేర్చేముందు ఎవరైనా ఇది చదివితే చాలని, ఒక్క తిట్టు లేదు, తిట్లలో మా ఇంటిల్లిపాదినీ మించిన మనిషి ఒక్క తిట్టు లేకుండా రాయడానికి ఎన్నిసార్లు కొట్టేసి ఉంటుందో అనుకుంటూ మళ్ళీ మొదటి నుంచి చదివింది, నా వల్ల కాదండీ అనవచ్చు, అంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే అక్క పేరు నేరుగా ఆ డేకేర్ వాళ్ళ చెవిన పడుతుంది, చెప్పకపోతే పని టీంలోని కుర్రవాడికి వెళుతుంది, వాడు ఏ పేజీనైనా నిద్రలో కూడా ముంచేయగలడు, కాబట్టి తానే తీసుకోవాలి, తీసుకుని సరిగా చేయకూడదు, ఇంతకన్నా మంచి ఉపాయం లేదని అప్పుడు తన తెలివికి తానే మురిసిపోయింది.

సరిగా చేయకపోవడం అంత సులువైన పనేం కాదు, నీరసంగా రాద్దామని కూర్చుంటే వేళ్ళు ఊరుకోవు, కళ్ళు మూసుకున్నా జడ అల్లే చేతుల్లా శీర్షిక దానంతటదే కుదురుతుంది, బొమ్మ కింద మాట పడుతుంది, ఈ పేజీ నుంచి ఆ పేజీకి లింకు ముడి పడుతుంది, పోనీలే, తెల్లారగానే వెతికి చూస్తే అక్కే కదా పైన ఉంటోంది, రోజూ కాఫీ పక్కన పెట్టుకుని ఆ డేకేర్ పేరు కొట్టడం, అక్క పేజీ తెరిచి గౌను దాకా, స్నానం దాకా, చివరి మాట దాకా చదవడం, నిద్రపోతున్న పిల్లకు దుప్పటి ఉందో లేదో చూసి వచ్చినట్టు చూసి మూసేయడం, ఆ తర్వాత దాన్ని ముంచే వ్యాసం మొదలుపెట్టడం, అలవాటు పడితే మనిషి దేనికైనా వేళ కేటాయించగలడు, అని తన మీద తానే వేసుకున్న జోకుకు నవ్వబోతుంటే ఫోన్ మోగింది, అక్క.

ఏమే, పనిలో ఉన్నావా, ఒక్క నిమిషం, అంది అక్క, ఆ ఒక్క నిమిషం ఎప్పుడూ అరగంట, కానీ ఇవాళ గొంతు వేరేగా ఉంది, మా ఆఫీసులో కొత్తగా చేరినావిడ వాళ్ళ బాబుని ఆ డేకేర్‌లోనే వేస్తోందే, వద్దమ్మా అని చెప్పాను, నేను రాసింది చూడు అన్నాను, వెతికిందట, ఎక్కడా లేదట, నిజమైతే కనబడేది కదండీ అంది నాతో, నవ్వుతూనే అందిలే, నువ్వు ఆ పనిలోనే ఉన్నావుగా, ఉందో లేదో నువ్వు చూసి చెప్పు. ఈమె అప్పటికే చూస్తోంది, ఎదురుగా తెర మీద అన్నిటికన్నా పైన అదే, ఉందక్కా, మొట్టమొదట నీదే, ఆవిడకు వెతకడం రాలేదేమో, అంది, అబద్ధం కాదు, ఈ మధ్య అక్కతో అన్న మాటల్లో ఇదొక్కటే కల్తీ లేనిది, హమ్మయ్య అని అక్క పెట్టేసింది, పెట్టేసీ పెట్టగానే లీడర్ మెసేజ్ వచ్చింది, మేడమ్, క్లయింట్ చాలా హ్యాపీ అండీ, ఆ కంప్లయింట్ ఇక ఎవరికీ కనబడట్లేదట, సూపర్.

ఎవరికీ కనబడకపోవడమేమిటి, నా కళ్ళ ముందుంటే, అనుకుంటూ మంచం కోడును దాటి హాల్లోకి వచ్చింది, మొగుడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు, మీ ఫోన్‌లో ఒక పేరు కొట్టండి అంటే, ఇప్పుడా, కాలర్ దగ్గరున్నాను, అని గొణుగుతూనే కొట్టి చదివాడు, పిల్లల భద్రత మా బాధ్యత, పిల్లల భద్రతకు ఐదు సూత్రాలు, ఇదెవరో అచ్చం నీలాగే మాట్లాడుతున్నారే, అన్నాడు, ఇంకా కిందికి, అంది, కిందికీ ఇవే, ఇంకా, అంది, పేజీ అయిపోయిందోయ్, రెండో పేజీకి ఎవరు పోతారు, అని ఫోన్ బల్ల మీద పెట్టి మళ్ళీ కాలర్ మీదకు వంగాడు, ఆమె ఆ ఫోన్ తీసుకుని రెండో పేజీకి పోయింది, మూడో పేజీకి పోయింది, అక్క నాలుగో దాంట్లో ఉంది, బూట్ల దుకాణానికీ పాత చిరునామా పుస్తకానికీ మధ్య, నేను గొడవకు రాలేదు అంటూ.

ఇంత చిన్న సంగతి ఎలా మరిచిపోయింది, కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజు తానే చెప్పే పాఠమాయె, మీ కంప్యూటర్‌లో మామూలుగా వెతికి చూసి మోసపోకండమ్మా, మీరు ఏది రోజూ తెరిచి చదువుతారో యంత్రం గుర్తు పెట్టుకుని మీకు అదే ముందు పెడుతుంది, ఎవరో తెలియని మనిషిలా ప్రైవేట్ విండో తెరిచి చూడండి, అప్పుడే లోకానికి కనబడేది మీకూ కనబడుతుంది, అని, మరి తాను ఒక్కసారైనా తెరిచిందా, తెరవలేదు, మరిచిపోయి కాదు, ఊరికే, రేపు చూద్దాంలే అని, రోజూ అక్కను పైన చూసుకుని చేతకాని దానిలా హాయిగా ఉండవచ్చని, అంటే ఎన్నాళ్ళ నుంచో అక్క మాట లోకంలో ఒకే ఒక్క తెర మీద మొదటి వరుసలో ఉంది, ముంచుతున్న మనిషి తెర మీద, ఆ బాబు తల్లికి కనబడింది మాత్రం తాను పేర్చిన భద్రత, చదివి నమ్మి చేర్చేస్తోంది, హాల్లో మొగుడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఏమైంది, ఎవరిది ఆ పేజీ, అని అడుగుతున్నాడు, చెబితే ఉద్యోగం సంగతీ అక్క సంగతీ రెండూ చెప్పాలి, ఫోన్ చేస్తే అక్కకూ చెప్పాలి, నేను సరిగా చేయలేదక్కా, మనసు పెట్టలేదు, అని మొదలుపెట్టవచ్చు, ఆ మాటే నాలుక చివర ఉంది, కానీ నాలుగో పేజీ చేతిలో వెలుగుతుంటే ఆ మాట ఎంత పనికిమాలినదో తెలిసిపోయింది, మనసు పెట్టిందా లేదా అన్నది యంత్రానికి లెక్కలేదు, అక్కకూ లెక్కుండదు, ఇష్టం లేకుండా చేసినంత మాత్రాన పని సగం కాదు, మొత్తం తానే చేసింది.