రాలినవే గింజలు

అరవై తొమ్మిదిలో బాపట్ల విత్తనాల ఆఫీసులో వరి రకానికో కార్డు చొప్పున వేల కార్డులుండేవి. ముంపుకు తట్టుకుని, తొందరగా కోతకొచ్చే రకమేదని భట్టిప్రోలు రైతులు అడిగేసరికి కొత్త గుమాస్తా కనకదుర్గ కార్డుల కట్టలవైపు బెదురుగా చూసింది. ఇవన్నీ చదివేదెప్పుడు?

ప్రతి కార్డు అంచునా గుణానికొకటి చొప్పున చిల్లులున్నాయి. పాత గుమాస్తా శేషగిరిరావుగారు కట్ట అంచున ‘ముంపు’ చిల్లులోకి ఊలు అల్లే సూది దూర్చి, ఎత్తి దులిపారు. తట్టుకునే రకాలకు ఆ చిల్లు అంచుదాకా తెగి ఉంటుంది. అవి మాత్రం జలజలా రాలాయి.

చేటతో చెరిగిన అలవాటుకొద్దీ కనకదుర్గ రాలినవాటిని పక్కకు నెట్టబోయింది.

“అయ్యో, తాలు కాదమ్మా! ఇక్కడ గింజలే రాలతాయి.”

రాలినవన్నీ పోగేసి, ఆయన ఈసారి ‘తొందర కోత’ చిల్లులో సూది దూర్చారు. ఆయన ఎత్తేలోపే కనకదుర్గ కొంగు పట్టి నిలబడింది.

ఒకే ఒక్క కార్డు రాలింది.