వెంట్రుక తెగే బరువు

ఆ ఫ్యాక్టరీలో బ్లేడ్లకు పదును పెట్టే సానమేస్త్రికి ఒక్కతే కూతురు. ఆమెకు పదహారేళ్ళప్పుడు ఆయన పరువు పోయింది. నలుగురూ చాటుగా చెవులు కొరుక్కుంటే పోయిన పరువైతే ఎలాగో సర్దుకునేవారేమో. మిట్టమధ్యాహ్నం భోజనాల వేళ, ఫ్యాక్టరీ ఆవరణలో, రెండువందల మంది చేతుల్లో గిన్నెలు పట్టుకుని చూస్తుండగా పోయింది.

ఒక పెద్ద ఆసుపత్రికి పంపిన బ్లేడ్ల సరుకు మొత్తం తిరిగొచ్చింది. ఆపరేషన్‌కు ముందు రోగుల ఒంటిమీద వెంట్రుకలు తీయబోతే ఆ బ్లేడ్లు రెండు గీతలకే మొద్దుబారిపోయి చర్మాన్ని గీరేశాయట. తయారీ అంతా చూసుకునే అధికారి ఒకతను ఉండేవాడు. ఎవరితో మాట్లాడుతున్నా చూపు మణికట్టు మీదే ఉండేది గనక పనివాళ్ళు అతనికి గడియారం సారని పేరు పెట్టారు. ఆ గడియారం సారు తిరిగొచ్చిన పెట్టెలోంచి ఒక బ్లేడు తీసి మేస్త్రి చేతికిచ్చాడు.

"ఏదీ, నీ పనితనం నీ చేతిమీదే చూపించు."

మేస్త్రి చొక్కా చెయ్యి పైకి మడిచి ముంజేతి మీద గీసుకున్నాడు. మొదటి గీతకు వెంట్రుకలు రాలాయి. మూడో గీతకు చర్మం ఎర్రగా కందిపోయింది, వెంట్రుకలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

"చూశారుగా! చెయ్యి ముసలిదైపోయింది, తప్పుకోమంటే తప్పుకోడు. ఈయన సానమేస్త్రి కాదయ్యా, మొండి మేస్త్రి!" అన్నాడు గడియారం సారు.

అందరూ గొల్లున నవ్వారు. నవ్వకపోతే ఏమనుకుంటాడో అని నవ్వినవాళ్ళూ ఉన్నారు. మేస్త్రి మారుమాట లేకుండా బ్లేడును బల్లమీద పెట్టి, చొక్కా చెయ్యి దించుకుని గేటు దాటి వచ్చేశాడు. మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆయనకు భోజనం పట్టుకొచ్చిన కూతురు ఆ గేటు దగ్గరే నిలబడి అంతా చూసింది.

మొండి మేస్త్రి అన్న పేరు ఫ్యాక్టరీ గోడ దూకి వీధిలోకి, వీధిలోంచి బడిలోకి వచ్చేసింది. ఆమె 'మొండి మేస్త్రి కూతురు' అయింది. ఇంట్లో తల్లి మాత్రం ఊరుకోలేదు.

"నోట్లో నాలుక లేదా మీకు? ఇరవై ఆరేళ్ళు చేసిన పని! తప్పు నాది కాదని ఒక్క మాట అనలేకపోయారా?"

ఆయన గోడకేసి తిరిగి పడుకునేవాడు. అవమానాన్ని తండ్రి మింగేశాడు. కూతురికి మింగుడు పడలేదు. ఆ రోజు నవ్విన రెండువందల మందినీ ఆమె మర్చిపోగలిగింది గానీ నవ్వించినవాణ్ణి మర్చిపోలేదు. పగ పట్టింది. పట్టిన పగను ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుని చదువుకుంది. సున్నితమైన కొలతల పరికరాలు చేసే చదువు అది. ఎందుకా చదువని ఎవరైనా అడిగితే, "కళ్ళు బాగా పనిచేస్తాయి గనక" అనేది.

ఎనిమిదేళ్ళు గడిచాయి. అదే ఫ్యాక్టరీలో కొలతల గదికి మనిషి కావాలంటే వెళ్ళింది. ప్రశ్నలడిగింది గడియారం సారే. అప్పటికి అతను ఇంకో రెండు మెట్లెక్కి ఫ్యాక్టరీ యజమానురాలి కుడిపక్క కుర్చీకి చేరాడు.

"నాన్నగారేం చేస్తుంటారమ్మాయ్?"

"ఇంటిపట్టునే ఉంటారు సార్."

అతను గడియారం చూసుకుని, "రేపట్నుంచి రా" అన్నాడు.

అతనికి కావలసింది ఒక అంకె. "మా బ్లేడు పదునైనది అంటే కొనేవాళ్ళు నమ్మట్లేదు. ఎంత పదునంటే ఇంత అని చూపించాలి. చెయ్యగలవా?" అన్నాడు. చేస్తానంది. ఒకే ఒక్క వెంట్రుకను తెంచడానికి బ్లేడుకు ఎంత బలం కావాలో కొలిచే యంత్రం చేయడానికి ఆమెకు ఏడు నెలలు పట్టింది.

చూడటానికి అది అరచేతి వెడల్పు బల్ల. రెండు చిన్న పట్లు, వాటి మధ్య వదులు లేకుండా బిగించిన వెంట్రుక. పైనుంచి బ్లేడు ఒక మరచుట్టు మీద కదులుతున్నదో లేదో అన్నంత మెల్లగా దిగుతుంది. వెంట్రుకను బిగించిన పట్ల కింద త్రాసు ఉంటుంది. బ్లేడు వెంట్రుకను నొక్కుతున్నకొద్దీ అంకె పెరుగుతుంది, వెంట్రుక తెగిన క్షణాన సున్నాకు పడిపోతుంది. పడకముందు ఎంత ఎత్తుకు వెళ్ళిందో అదే ఆ వెంట్రుక తెగిన బరువు, గ్రాముల్లో.

చెప్పినంత తేలిక కాలేదు. ఫ్యాను తిరిగితే అంకె వణికేది. పక్కగదిలో ఎవరైనా నడిచినా వణికేది. పొడి వెంట్రుక ఒకలా, తడి వెంట్రుక ఇంకోలా తెగేది, అందుకని ప్రతిదాన్నీ లెక్కగా పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టేది. లావు వెంట్రుకకు ఎక్కువ బలం కావాలి, సన్నదానికి తక్కువ. రెండు బ్లేడ్లను న్యాయంగా పోల్చాలంటే ఒకే వెంట్రుకను గోరంత గోరంత ముక్కలు చేసి, పక్కపక్క ముక్కలను రెండిటికీ పంచాలి. పొడుగు వెంట్రుక ఎక్కడ దొరుకుతుంది? తన జడలోంచే తీసేది.

"ఇలా రోజుకిన్ని పీక్కుంటూ పోతే పెళ్ళినాటికి బోడిగుండే మిగుల్తుంది నీకు" అని తల్లి రోజూ సణిగేది.

యంత్రం నిలకడగా అంకె చూపిన వారమే ఆమె సామాన్ల గదికి వెళ్ళింది. ప్రతి సరుకులోంచీ ఇరవై బ్లేడ్లు తీసి, నంబర్లు వేసి, ఒక్కోదాన్ని సగానికి విరిచి దాచడం ఆ ఫ్యాక్టరీలో పాత పద్ధతి. సాన దాటగానే ఒక సగం, పూత పూసి ఓవెన్‌లో కాల్చాక రెండో సగం. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన సరుకు తాలూకు సగాలు మైనపు కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో, ఎవరూ తాకకుండా ఎనిమిదేళ్ళ దుమ్ము కింద ఉన్నాయి. వాటి అంచులు కొలిచే సాధనం అప్పుడు లేదు, కొలవాలన్న మనసు ఎవరికీ లేదు.

ఆమె కొలిచింది. ఒక్కో సగంతో పదేసి వెంట్రుక ముక్కలు తెంచింది. సాన దాటిన సగాలు మొదటి ముక్కకు పన్నెండు గ్రాములు, పదో ముక్కకు పదమూడు. ఓవెన్ దాటిన సగాలు మొదటి ముక్కకు పద్నాలుగు, పదో ముక్కకు నలభై పైచిలుకు. అంచు సానమీద చెడలేదు. ఓవెన్‌లో మోతాదుకు మించిన వేడికి ఉక్కు మెత్తబడింది. ఒకటి రెండు వెంట్రుకలు తెగేసరికి అంచు మడతపడిపోతోంది. ఆ ఓవెన్ వేడి పెంచే పెట్టె తాళంచెవి ఎవరి నడుముకు వేలాడేదో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. సరుకు త్వరగా పంపించాలని గడియారం చూసుకుంటూ తిరిగినవాడు ఒక్కడే.

పళ్ళు బిగబట్టి మిగతావీ కొలుచుకుంటూ పోయింది. తొమ్మిదో నంబరు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. సాన దాటిన సగమే మొదటి ముక్కకు ముప్ఫై ఒకటి చూపించింది. మళ్ళీ కొలిచింది, ముప్ఫై రెండు. పదహారో నంబరూ అంతే. ఆ రెండూ ఓవెన్ దాకా వెళ్ళకముందే మొండివి. అంటే తండ్రి చేతిలోవే.

ఆ రెండిటినీ తీసి చెత్తబుట్టలో పడేసింది. పడేసి అరగంట కూర్చుంది. మళ్ళీ వంగి ఏరుకుని జేబులో వేసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం తండ్రి కిటికీ పక్కన కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. ఎదురుగా పీట వేసుకు కూర్చుంది.

"నాన్నా, ఆ సరుకు కొలిచాను. తప్పు ఓవెన్‌ది. నీది కాదు. కానీ ఇరవైలో రెండు..."

ఆయన తలెత్తకుండానే అన్నాడు. "తొమ్మిది, పదహారు."

"నీకెలా తెలుసు?" అంది ఆమె.

"నంబర్లు వేసింది నేనే కదమ్మా. వేసేటప్పుడే వేలికి తెలిసింది. సానరాయి ఉక్కు పొడితో నిండిపోయింది, ఆపి కడగాల్సింది. ఆ గడియారం సారు వచ్చి నెత్తిమీద నిలబడి తొందర తొందర అంటున్నాడు. ఊరుకున్నాను. అలాంటివి ఇంకెన్ని వెళ్ళిపోయాయో. ఆ రోజు అందరిముందూ తప్పు నాది కాదని ఎలా అననూ? రెండు నావేగా."

"ఇరవైకి రెండు నాన్నా! దానికి ఎనిమిదేళ్ళు నోరు కుట్టేసుకున్నావా? మిగతా పద్దెనిమిది పాడుచేసినవాడు కుర్చీ మీద కుర్చీ ఎక్కుతుంటే?"

"నీ యంత్రం. నీ ఇష్టం. చూపిస్తావో, దాస్తావో."

ఆమె వారంపాటు ఆలోచించింది. దాస్తే తండ్రి మచ్చలేకుండా బయటపడతాడు. కానీ గడియారం సారు సామాన్యుడు కాడు, ఎంత చిన్న బొక్క ఉన్నా వెతికి దూరిపోగలడు. సాన దాటిన సగాలు ఇరవై ఉండాల్సిన పెట్టెలో పద్దెనిమిదే ఎందుకున్నాయని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఎనిమిదేళ్ళ పగ గంగపాలు. వాడు తప్పించుకునే వెంట్రుకవాసి సందు కూడా ఉండకూడదు. ఇరవైకి ఇరవై చూపించాలని నిశ్చయించుకుంది.

ఆ నెలలోనే యజమానురాలు కొలతల గదికి వచ్చింది. మాట తక్కువ మనిషి. ఆమె వెంట అదే ఆసుపత్రి నుంచి సరుకు కొనే అధికారి, వాళ్ళ ముందు నడుస్తూ గడియారం సారు. "ఇదంతా నా ఆలోచనేనండీ" అని చెప్పుకుంటున్నాడు.

"సార్, మీ వెంట్రుక ఒకటి ఇప్పిస్తారా? నాదైతే నా పక్షం పలుకుతుందేమో" అంది ఆమె.

అందరూ నవ్వారు. గడియారం సారుకు నడినెత్తి ఎప్పుడో ఖాళీ అయింది. ఎడమచెవి దగ్గర జానెడు పొడవు పెంచి కుడిచెవి దాకా కప్పుకుని, నూనెతో అంటించి కాపాడుకుంటున్నాడు. అందులోంచే ఒకటి లాగింది. "ఒకటి చాలదు సార్" అని ఇంకొకటి లాగింది. మూడోదానికి అతను "అబ్బా" అన్నాడు. ఆ మూడోది నిజానికి అవసరం లేదు.

కొత్త బ్లేడు పన్నెండు చూపించింది. కొనే అధికారి తల ఊపాడు. అప్పుడు ఆమె సొరుగులోంచి మైనపు కాగితాలు తీసింది.

"ఎనిమిదేళ్ళ కిందట మీ ఆసుపత్రి తిప్పి పంపిన సరుకు ఇది. ఇది ఏడో నంబరు. ఓవెన్‌కు ముందు సగం, తర్వాత సగం."

"ఇప్పుడవన్నీ దేనికమ్మాయ్?" అన్నాడు గడియారం సారు. ఈసారి అతని చూపు మణికట్టు మీద లేదు.

"చూడనివ్వండి" అంది యజమానురాలు.

ముందు సగం పదో ముక్కకు పదమూడు. తర్వాత సగం ఐదో ముక్కకే ఇరవై ఏడు, పదో ముక్కకు నలభై ఒకటి. ఆమె ఇరవై నంబర్ల కాగితం యజమానురాలి ముందు పెట్టింది.

"ఓవెన్ తాళంచెవి ఎవరి దగ్గరుండేది?" అని యజమానురాలు అడిగింది.

గడియారం సారు బల్ల మీదికి వంగాడు. కాగితం మీద ఏదో దొరికినట్టు గబుక్కున వేలు పెట్టాడు. "ఇదిగో! తొమ్మిది చూడండి, పదహారు చూడండి. సానమీదే పాడయ్యాయి. ఆ మేస్త్రిది తప్పేనని నేను అప్పుడే..."

"అవును సార్" అంది ఆమె. "ఆ రెండూ మా నాన్నవి. మిగతా పద్దెనిమిదీ మీవి."

మా నాన్న అన్న మాట అతని తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక మొహం మాడిపోయింది. ఆమె ఆ మొహాన్ని కళ్ళార్పకుండా చూసింది. దాన్ని చూడటానికే ఇన్నేళ్ళు బతికినట్టు చూసింది.

మర్నాడు అతను ఒంటరిగా కొలతల గదికి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, "మేస్త్రిని పిలిపించి మళ్ళీ పనిలో పెట్టిస్తాను. యజమానురాలితో ఇక్కడితో వదిలెయ్యమని నువ్వొక మాట చెప్పు తల్లీ. ఇంకో రెండేళ్ళలో దిగిపోయేవాణ్ణి" అన్నాడు.

"దిగడానికి అంతసేపు ఎందుకు సార్?" అని ఆమె యంత్రం వైపు తిరిగిపోయింది.

యజమానురాలు అతణ్ణి కుర్చీలోంచి దింపి సామాన్ల గదికి పంపింది. అంతకుముందు ఒక కాగితం రాయించి, భోజనాల వేళ ఆవరణలో అందరిముందూ అతని చేతే చదివించాలంది. ఆ సంగతి చెప్పి తండ్రిని రమ్మంటే, "నేను రాను. నేనెక్కడ నిలబడాలో నాకు తెలీదు" అన్నాడు. ఆమె ఒక్కతే వెళ్ళి అందరికన్నా ముందు నిలబడింది.

అతను చదివాడు. సరుకు చెడటానికి కారణం ఓవెన్ వేడి పెంచడమని, పెంచింది తానేనని, సానమేస్త్రి పొరపాటు ఇరవైకి రెండు బ్లేడ్లేనని, ఆయన్ని అందరిలో అన్న మాటలు తప్పని. ఆఖరి వాక్యం దగ్గర గొంతు పూడుకుపోయి మాట లోపలే ఉండిపోయింది. వెనకవరసలో పాతవాళ్ళు కొందరు జాలిగా చూశారు. ఇక చాలు అన్నట్టు ఒకాయన కదిలాడు కూడా.

"వినబడలేదు సార్" అంది ఆమె. "మళ్ళీ మొదట్నుంచి చదవండి."

అతను యజమానురాలి వైపు చూశాడు. ఆమె కాగితం వైపు చూపించింది. మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తండ్రి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పులు విడవకముందే అడిగాడు.

"నా రెండూ చదివాడా?"

"చదివాడు. రెండుసార్లు."

"రెండుసార్లెందుకు?"

జరిగింది చెప్పింది. ఆ మనిషి మీద జాలిపడతాడేమో, తనను కోప్పడతాడేమో అనుకుని ఆమె మాటలు కూడదీసుకుంటోంది. ఆయన పక్కకు జరిగి, గుమ్మంలో ఆమెకు చోటిచ్చాడు.

"కూర్చో. గొంతు ఎక్కడ పూడుకుపోయింది? ఎవరెవరున్నారక్కడ? ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

"కాస్త గట్టిగా చెప్పవే" అంది లోపల పొయ్యి దగ్గరున్న తల్లి, గరిటె చేత్తోనే పట్టుకుని గుమ్మంలోకి వస్తూ.