కొత్త పిన్నులు

ఎస్సై కొట్లోకి వచ్చి బల్ల మీద పెట్టిన తాళాన్ని చూడగానే తాళాలాయన గుండెల్లో రాయి పడింది. నిన్న దొంగలు పడ్డ ఇంటి తలుపుది అది. నెల కిందట బిగించింది ఆయన కూతురే.

“తలుపు చెక్కుచెదరలేదు. సన్న కడ్డీ పెట్టి తీశారో, తాళంచెవితో తీశారో ఎప్పట్లాగే మీరే చెప్పాలి,” అన్నాడు ఎస్సై. కాస్త ఆగి, “మీ అమ్మాయిని కన్నవాడు ఏ కేసులో జైలుకెళ్ళాడో నాకూ తెలుసు,” అన్నాడు. ఫోను మోగితే మాట్లాడుకుంటూ బయటికి నడిచాడు.

ఇళ్ళ తాళాలు తీసి దోచుకున్న కేసు. ఏడాది పిల్లప్పుడు తాళాలాయన తెచ్చుకుని కంటికి రెప్పలా పెంచుకున్నాడు ఆమెను. పనిలో ఆ పిల్ల చెయ్యి తిరిగేకొద్దీ మురిసిపోతూనే, ఈ నేర్పు ఎక్కడి నుంచి వచ్చిందోనని బెంగపడేవాడు. కాలేజీలో పాఠాలు చెప్పే బావమరిది ఆ బెంగకి ఎరువు వేశాడు. పెంపకానికి వెళ్ళిన పిల్లల మీద పరిశోధనలు చేశారట. కన్నవాళ్ళు నేరస్థులైతే, మంచి ఇంట్లో పెరిగినా పిల్లలు దొంగతనాల్లో పట్టుబడటం కొంచెం ఎక్కువట. అలాంటి పిల్లల్లోనూ చాలామంది ఏ నేరమూ చెయ్యలేదని కూడా చెప్పాడు పాపం. ఆ రెండో మాట ఈయన చెవికెక్కితే కదా.

కడ్డీ పెడితే తాళం లోపలి ఇత్తడి పిన్నుల మీద గీతలు పడతాయి. తాళంచెవితో తీస్తే పడవు. గీతలు కనిపిస్తే, ఊళ్ళో అంత నేర్పున్నది తన కూతురికే. ఆయన గబగబా తాళం విప్పి పిన్నులు అరచేతిలోకి దులిపాడు. భూతద్దం పక్కనే ఉంది. చూసే ధైర్యం చాల్లేదు. వాటిని పాత పిన్నుల డబ్బాలో కలిపేసి, కొత్తవి వేసి బిగించేశాడు.

వెనక గదిలోంచి కూతురు వచ్చింది.

“ఆ ఇంటిదేనా నాన్నా? ఒక్క గీత కూడా ఉండదు చూడు. ఆ ఇంటాయన తాళంచెవి ఊరంతా తిరుగుతుంది, ఎవరో నకలు తీయించుంటారు.” తనే విప్పి పిన్నులు భూతద్దం కింద పెట్టింది. “ఇవి కొత్తవి,” అంది.

ఆయన పాత పిన్నుల డబ్బా వైపు చూశాడు.

“పాతవి చూసి మార్చావా, చూడకుండానే మార్చావా?”

“చూడలేదమ్మా.”

ఏడ్చినా, అరిచినా బాగుండేది. ఆమె భూతద్దం తీసి పక్కన పెట్టింది.

ఎస్సై లోపలికి వచ్చాడు. తాళాలాయన చేతులు జోడించాడు. “పిన్నులు నేనే మార్చాను సార్. మా అమ్మాయే చేసిందేమోనని భయపడ్డాను. నా బుద్ధి గడ్డి తింది. దీని తప్పేమీ లేదు, నమ్మండి.”

“పెంచిన మీకే నమ్మకం లేకపోతే, నన్నెలా నమ్మమంటారండీ?” అన్నాడు ఎస్సై.

కూతురు చెప్పులేసుకుని, తండ్రి వైపు చూడకుండా, బయట ఆగిన పోలీసు జీపు వైపు నడిచింది.