అందరూ ఒకే ఇంటికి

ఏడో తరగతి పిల్లలకు ప్రశాంతి టీచరు ఆరోజు ఇచ్చిన హోంవర్కు కొంచెం వింతైనది. "మీ ఊళ్లో మీరెప్పుడూ అడుగుపెట్టని ఇంటికి పోయి, మంచినీళ్లడిగి తాగి, ఆ ఇంటివాళ్లతో మాట్లాడి రండి" అంది. మనుషుల్ని తెలుసుకోకుండానే చెడుగా అనుకోవడం తప్పని ఎంత చెప్పినా పిల్లలు ఆవలిస్తున్నారు. ఈ ఉపాయం ఆమెకు ప్రొద్దుటూరు నుంచి వచ్చే బస్సులో తట్టింది.

మర్నాడు చెయ్యెత్తిన ప్రతివాళ్లదీ ఒకటే మాట. "సనా వాళ్ళింటికి పోయింటిమి మేడమ్."

జమ్మలమడుగు పక్కనున్న ఆ ఊళ్లో ముస్లింల ఇల్లు అదొక్కటే. ఆ సంగతి ప్రశాంతికి అప్పుడు గుర్తొచ్చింది. సనా కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

రెండో రోజూ సనా రాలేదు. ప్రశాంతికి పాఠం మీద మనసు నిలవలేదు. బోర్డు మీద రాసింది తుడిచి, మళ్లీ అదే రాసింది. సాయంత్రం బస్సు వదిలేసి సనా ఇంటికి నడిచింది.

సనా తల్లి మహమూదా మిషను మీద జాకెట్టు కుడుతోంది. లేచి కుర్చీ వేసింది గానీ మొహంలో నవ్వు లేదు.

"తప్పు నాదేనమ్మా" అంది ప్రశాంతి.

"నీళ్ళకేముంది మేడమ్, ఇచ్చినా. ఒకడు వంటింట్లోకి తొంగిచూసి ఏం కూర వండినారని అడిగె. ఇంకొకడు, మీరు తెలుగు మా మాదిరే మాట్లాడతారే అనె. నేను ఈ ఊర్లోనే పుట్టినా. తిరునాళ్ళలో బొమ్మల్ని చూసినట్టు చూసిపోయినారు." మహమూదా మిషను మీది జాకెట్టు తీసి పక్కన పెట్టింది. "మీరు చెడుపుకు చెయ్యలేదు, నాకు తెలుసు. మరి మా పాప యా ఇంటికి పోవల్లో అడిగినారా?"

ప్రశాంతి తలుపు చాటున నిలబడ్డ సనావైపు తిరిగింది. "నువ్వు ఎవరింటికి పోవాలనుకున్నావు?"

"నాగవేణి వాళ్ళింటికి" అంది సనా. "బళ్ళో పక్కపక్కనే కూచుంటాం. ఇంటికి ఎప్పుడూ పిలవలే."

ప్రశాంతి తీసుకుపోతానంటే మహమూదా తల ఊపింది. టీచరూ సనా బయల్దేరారు.

నాగవేణి వాళ్లకు గొర్రెలున్నాయి. ఆమె అవ్వ ఆదిలక్ష్మమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. టీచరును లోపలికి రమ్మంది. సనాను చూసి, "ఆ పాప ఈడే అరుగు మీద కూచోనీలే" అంది.

"నేనూ ఇక్కడే కూర్చుంటానవ్వా" అంది ప్రశాంతి. అంది గానీ కుదురుగా కూర్చోలేకపోయింది. పిల్లను ఇంకో అవమానానికి తీసుకొచ్చానా అనుకుంది.

అంతలో నాగవేణి బయటికొచ్చింది. అవ్వనూ సనానూ చూసింది. సనా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఆదిలక్ష్మమ్మ చేతులు ఆగిపోయాయి.

"బిన్నా రాండి" అని, త్వరగా వచ్చెయ్యమని మాత్రం లోపలున్న పిల్లలతో అంది. అందులో కోపముందో, పొద్దుగూకుతోందన్న తొందరే ఉందో ప్రశాంతికి అంతుబట్టలేదు.

మర్నాడు సనా బడికొచ్చి హోంవర్కు పుస్తకం ఇచ్చింది. రెండే వాక్యాలు: "అవ్వ మళ్ళా రమ్మనలేదు. నాగవేణి రమ్మనింది."