ఎర్రగట్టు ఏకగ్రీవం

బందెలదొడ్డి లోపల తల్లిగొర్రెలు, బయట పాలు మరవని పిల్లలు. మధ్యలో రాతిగోడ, గోడకో గేటు, గేటుకో తాళం, తాళం ముందు స్టూలేసుకుని బీడీ కాలుస్తున్న పంచాయతీ సమితి జవాను. పిల్లలను ఇంటి దగ్గర వదిలి తల్లులను మేతకు తోలుకుపోవడం గొర్రెలు కాసే కురుమల రివాజు. ఆ మేతకు పోయినందుకే మందనంతా పట్టి తెచ్చి దొడ్లో తోశారు. ఆకలికి అరిచి అరిచి పిల్లలు గొంతులు పోగొట్టుకుంటుంటే చూడలేక, గుర్వమ్మ వాటిని గంపల్లో ఎత్తించుకుని గేటు దగ్గరికే తెచ్చింది.

"జర పాలన్న తాగనియ్యి కొడుకా. పొదుగులు చూడు, రాళ్లయినయి."

"నన్నేం జెయ్యమంటవు? జుర్మానా కట్టి తోలుకపోండ్రి," అన్నాడు జవాను. "గుట్టమీద గొర్ల మేపుడు బంద్ చేస్తమని మీరే ఒప్పుకున్నరట గద."

"ఎవలు ఒప్పుకున్నరు?"

"మీరే. ఎర్రగట్టోల్లందరు. మీటింగుల ఏకగ్రీవమట."

ఆ మీటింగులో గుర్వమ్మ కూడా కూర్చున్నది. ఆమె మొగుడు బీరన్న కూర్చున్నాడు. కులపెద్ద మల్లప్ప ముందువరసలోనే కూర్చున్నాడు. కురుమలలో ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. పైగా తాము గట్టిగా కాదన్నామనే, గుట్టమీద గుంతలు తవ్వుతున్నా, తీగకు రాతికడీలు పాతుతున్నా ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నారు.

ఆ మీటింగు సంగతి చెప్పాలి. చెప్పకపోతే, ఇంత పెద్ద గుట్టను ఇంతమంది చేతుల్లోంచి ఒక్క పూటలో ఎట్లా గుంజుకున్నారో మీరు నమ్మరు.

నిజాం ఏలినప్పుడు ఆ గుట్టమీద మేసిన ప్రతి గొర్రెకూ మాధవరావు దొర పుల్లరి వసూలు చేసేవాడు. పోలీసు యాక్షన్ తర్వాత పుల్లరి పోయింది, గుట్ట ఊరిదైంది. దొర మాత్రం ఎక్కడికీ పోలేదు. షేర్వానీ విప్పి ఖద్దరు తొడిగాడు. పంచాయతీ సమితులు రాగానే సమితి అధ్యక్షుడయ్యాడు. ఇంత జరిగినా మారింది ఆయన దర్జీ ఒక్కడే. ఆయనకిప్పుడు గుట్టకింద కొత్త మామిడితోట ఉంది. ఆ తోటకు గుట్టమీది వాననీళ్లు కావాలి, గొర్రెలు ఆ ఛాయలకు రాకూడదు. ఆ మాట ఆయన నోటితో చెబితే దొరతనం అంటారు. సర్కారు చేత చెప్పిస్తే అభివృద్ధి అంటారు. గుట్టచుట్టూ ముళ్లతీగ వేసి, లోపల చెట్లు నాటి, మట్టి కొట్టుకుపోకుండా కాపాడే పథకం ఒకటి వచ్చింది. తీగ వేసే గుత్త దొర బామ్మర్దికి దక్కింది.

అయితే ఇది స్వరాజ్యం కదా! జనాన్ని అడగాలి. అడగడానికి సుబ్రహ్మణ్యం అనే అధికారి జీపులో దిగాడు. జనం మనసులోని మాటను జనం చేతనే చెప్పించే విద్యలో హైదరాబాదులో తరిఫీదు పొందాడట. "నేను చెప్పడానికి రాలేదండీ, వినడానికి వచ్చాను," అని మొదలుపెట్టి, బడిముందరి నీడ గోడనుంచి గేటుదాకా పాకేంతసేపు మాట్లాడాడు. వినడానికి వచ్చినవాడు ఇంత మాట్లాడితే, చెప్పడానికి వచ్చినవాడైతే ఊరు బతికేదా?

తర్వాత జనాన్ని మూడు గుండ్రాలుగా కూర్చోబెట్టాడు. కూలోళ్లు బడివెనుక, రైతులు అరుగుమీద, కురుమలు ఎండలో. ఎవరి దగ్గరికి పోయి వాళ్లతో విడిగా మాట్లాడాడు. చివరికి అందరి ముందర ఒక పలక నిలబెట్టాడు. నూగుగుడ్డ చుట్టిన పలక అది. బొమ్మ అంటిస్తే అంటుకుంటుంది, పీకితే వస్తుంది. మీ ఊరు ఎట్లా ఉండాలో మీరే అంటించండి అన్నాడు. బడి బొమ్మ ఉంది, బావి ఉంది, రేడియో ఉంది, తెల్లకోడి కూడా ఉంది. పలకమీద గుట్ట, గుట్టమీద చెట్లు మాత్రం ముందే ఉన్నాయి.

బీరన్న లేచి, "సార్, గొర్రె బొమ్మ ఏది?" అన్నాడు.

"భేష్! చూశారా, ఎంత మంచి ప్రశ్న వేశారో! ప్రజల్లో చైతన్యం అంటే ఇదీ!" అని చప్పట్లు కొట్టించాడు సుబ్రహ్మణ్యం. గొర్రె బొమ్మ మాత్రం తీయలేదు. ఆయన తెచ్చిన బొమ్మల సంచిలో ఉంటే కదా తీయడానికి!

రైతు రామచంద్రయ్య రేడియోను తీసి బావి పక్కన పెట్టాడు. ఎవరో కోడిని బడిమీద కూర్చోబెట్టారు. అందరూ నవ్వారు. గుర్వమ్మ పోయి గుట్టమీది చెట్టు బొమ్మను తీయబోయింది. రాలేదు. మిగతావన్నీ ఊరికే అంటించినవి, గుట్టమీది చెట్లకు మాత్రం ముందే గుండుసూదులు గుచ్చి పెట్టారు.

"గుట్టకు తీగ వేసి మేత ఆపడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు సుబ్రహ్మణ్యం. పక్క కుర్చీలో దొర మీసం సర్దుకుంటూ కురుమలవైపు చూశాడు.

కురుమలంతా తలలు వంచుకుని మౌనంగా కూర్చున్నారు. వాళ్ల కులపంచాయతీలో గొంగడి పరిచి మాట పెడతారు. ఒప్పుకున్నవాడు ఔనని నోరారా చెప్పి గొంగడి తాకుతాడు. ఒప్పుకోనివాడు పెద్దల మొఖం మీద కాదనడు, తలవంచుకుని ఊరకుంటాడు. ఒక్కడు ఊరకున్నా ఆ మాట అక్కడే ఆగిపోతుంది, మళ్లీ ఎవరూ ఎత్తరు. తాతలనాటి పద్ధతి అది. ఒక్కడు కాదు, ఆ రోజు కులమంతా ఊరకున్నది. ఇంతకంటే గట్టిగా కాదనడం వాళ్లకు తెలియదు. సుబ్రహ్మణ్యం "ఏకగ్రీవం!" అని చేతులు చరిచి జీపెక్కాడు. కురుమలు కూడా గుట్ట దక్కిందని సంతోషంగా ఇండ్లకు పోయారు. రెండువైపులా ఇంత సంతోషంగా ముగిసిన సభ జిల్లాలో మరొకటి లేదు.

గేటు దగ్గర ఇదంతా తలచుకుంటే గుర్వమ్మకు ఒళ్లు మండింది. అప్పుడే గుట్టమీదినుంచి గడ్డపారలు భుజాన వేసుకుని కూలోళ్లు దిగివస్తున్నారు. ముందర హనుమమ్మ. ఆమెను చూడగానే గుర్వమ్మ కోపం అటు తిరిగింది.

"రా తల్లీ రా! మా గొర్ల నోట్ల మన్ను గొట్టి గుంతలు తవ్వుతున్నవు గద. కూలి దండిగనే ముట్టిందా?"

"కూలా?" హనుమమ్మ గడ్డపార ధన్‌మని కింద వేసింది. "మొదట్ల కూలన్నరు. ఇప్పుడు శ్రమదానమట. ఊరు మనదట, ఊరికే చెయ్యాల్నట. ఒకడొచ్చి ఫోటో గూడ గుంజిండు. మా నాయిన దొర ఇంట్ల వెట్టి జేసి సచ్చిండు గుర్వక్కా, గాయనకు ఫోటో ఒక్కటి తక్కువ."

"మరి మీ గుండ్రంల ఆ సారు ఏం జెప్పిండు?"

"ఏడాది పొడుగూత పని దొరుకుతదన్నడు. కురుమోల్లు ఎప్పుడో ఒప్పుకున్నరు, వాళ్లకు సర్కారు జాగా ఇస్తుందన్నడు."

"మాకా! మాకు జాగానా!" గుర్వమ్మ గొంతు లేచింది. "మాకేమన్నడో ఎరికేనా? రైతులు, కూలోల్లు అడుగుతున్నరు, మీరు అడ్డం పడితే ఊరు ఊరుకోదన్నడు."

రైతు రామచంద్రయ్య కూడా అక్కడికే వచ్చి నిలబడ్డాడు. వానలు పడకముందే తన చేనులో కురుమల మందను ఆపించుకోవాలని మాట్లాడడానికి వచ్చాడు. రాత్రుళ్లు మంద చేనులో పడుకుంటేనే ఆ ఎర్రనేలకు ఎరువు. ఆయన దొడ్డిలోని గొర్రెలను చూశాడు, మొఖం పాలిపోయింది.

"నీకేం జెప్పిండు పటేలా?" అంది గుర్వమ్మ.

"గొర్లు చేన్లు తొక్కుడు తప్పుతదన్నడు. మంచిదే గద అనుకున్న."

"మంచిదే. గొర్లు లేకుంటే తొక్కుడు ఉండది, ఎరువు ఉండది. నీ చేన్ల ఇంక దొర మామిడాకులు ఏరుకచ్చి పోసుకో."

తప్పు తనదేనని ఒప్పుకోవడం రైతుకు కష్టం. కానీ రామచంద్రయ్య వంగి, గంపలోంచి ఒక గొర్రెపిల్లను తీశాడు. "గేటు తియ్యకుంటే గోడ లేదా?" అని హనుమమ్మకు అందించాడు. గంపలు మోసుకొచ్చిన బీరన్న అప్పటికే గోడెక్కాడు, హనుమమ్మ ఆయనకు అందించింది. బీరన్న లోపలికి వంగి మెల్లగా వదిలాడు. పిల్ల తల్లిని వెతుక్కుని పొదుగులో తల దూర్చింది. ఇక చూడండి, గంపలన్నీ ఖాళీ అయ్యేదాకా పిల్లలు చేతులమీదుగా గోడ దాటాయి. కాపు చేతులు, మాదిగ చేతులు, కురుమ చేతులు. జవాను అడ్డం రాబోయి, గడ్డపారలు చూసి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

జుర్మానా కట్టేది లేదని అక్కడే తేలిపోయింది. మేతా నీళ్లూ గోడమీదినుంచే అందించారు. సాయంత్రం మల్లప్ప వాకిట్లో ఊరంతా కూడింది. మాటామాటా పెరిగింది, తిట్లూ నడిచాయి. అంతా సద్దుమణిగాక మల్లప్ప దీనంగా అన్నాడు:

"ఊకుంటే ఒప్పుకున్నట్టట. మరి మన తాతల నుంచి వచ్చిన పద్ధతి తప్పా?"

"తప్పు గాదు మామా," అంది గుర్వమ్మ. "మనోల్ల ముందట ఊకుంటే మనోల్లు సమజైతరు. దొర ముందట ఊకుంటే దొరకే లాభం. వాని ముందట నోరు తెరువాలె."

ఆ వారంలోనే సుబ్రహ్మణ్యం మళ్లీ వచ్చాడు. జనం ఇష్టపడి తెచ్చుకున్న పథకాన్ని చూడడానికి జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు. మైకు, మామిడాకుల తోరణాలు, పటికబెల్లం పొట్లాలు. దొర కొత్త కండువాతో వెలిగిపోతున్నాడు.

"మూడు గుండ్రాలుగా కూర్చోండమ్మా," అన్నాడు సుబ్రహ్మణ్యం.

ఎవరూ కదల్లేదు. బడిముందర ఊరంతా ఒకటే ముద్దగా కూర్చుంది. కురుమల పక్కన కూలోళ్లు, కూలోళ్ల మధ్యలో రామచంద్రయ్య.

"ఇలా కాదండీ. దీనికో పద్ధతి ఉంది."

"నీ పద్ధతి మొన్న చూసినం," అని గుర్వమ్మ లేచింది. "ఒక్కొక్కల చెవుల ఒక్కొక్క అబద్ధం ఊదుడు నీ పద్ధతి. ఇయ్యాల అందరి ముందట ఒక్కటే చెప్పు."

సుబ్రహ్మణ్యం నవ్వు చెదరకుండా, "చాలా మంచి అభిప్రాయం. దీన్ని తప్పక గమనంలోకి తీసుకుంటాం," అన్నాడు. ఆ మనిషిని కొట్టినా అభిప్రాయంగానే తీసుకునేటట్టున్నాడు.

"గమనంలకు తీసుకునుడు గాదు, గుట్టకేసిన తీగ తియ్యి. మందను ఇడువు."

అప్పుడు మల్లప్ప లేచాడు. పుట్టి బుద్ధెరిగి పెద్దమనిషి మొఖం మీద కాదన్నవాడు కాదు. దొర కళ్లలోకి చూసి, "ఒప్పుకోం," అన్నాడు. ముందువరసవాళ్లకే వినబడింది. మళ్లీ గట్టిగా, "మేం ఒప్పుకోం దొరా!" అన్నాడు. వెనక ఊరంతా ఆ మాటనే అందుకుంది. మైకు అవసరం లేకపోయింది.

జిల్లా అధికారి సుబ్రహ్మణ్యం వైపు చూశాడు, సుబ్రహ్మణ్యం పటికబెల్లం వైపు చూశాడు. దొర ఖద్దరును మరచిపోయాడు.

"గొర్లు కాసుకునే లంజకొడుకులు నాకు ఎదురు చెప్తరార! కురుమోల్లను ఒక్కొక్కల్ని జేల్ల తోలిస్త. ఆడోల్లని గూడ ఇడువ. అప్పుడు మీ గొర్లను ఎవడు మేపుతడో చూస్త. దొడ్లల్లనే ఎండి సస్తయి!"

ఎంత చదివినా ఎన్ని బొమ్మలు అంటించినా సమితికి రాని నిజం దొర నోటినుంచి ఒక్క దమ్ములో వచ్చేసింది. జనం ఇక అక్కడ నిలబడలేదు. బందెలదొడ్డి గేటు పెకిలించారు. శ్రమదానానికి సమితి ఇచ్చిన గడ్డపారలతోనే తీగ కడీలను పడగొట్టారు. పొద్దు వాలేలోగా మంద గుట్టమీద గడ్డి కొరుకుతున్నది.

తెల్లారి పోలీసు లారీ వచ్చింది. దొర అన్నంత పనీ చేశాడు. పోలీసు అమీన్ సాబ్ కురుమగేరిలో ఇల్లిల్లూ దులిపి, నడవగలిగిన ప్రతి మనిషినీ లారీ ఎక్కించాడు. మల్లప్పను కొట్టి ఎక్కించారు. ముసలివాళ్లూ పసిపిల్లలూ మిగిలారు. కూలోళ్లనూ రైతులనూ ముట్టలేదు. వాళ్లను భయపెట్టడానికి ఇది చాలని దొర లెక్క. తీగ కడీలు పడగొట్టడంలో వాళ్లూ ఉన్నారని తెలిసీ వదిలాడు, మళ్లీ మూడు గుండ్రాలు చేయాలి కదా! లారీ పక్కన సుబ్రహ్మణ్యం నిలబడి, "అవగాహన లోపం, అంతే," అని ఎవరికో చెబుతున్నాడు.

దొర లారీ దగ్గరికొచ్చి, "ఇప్పుడు మేపుకోపోవే," అన్నాడు గుర్వమ్మతో.

జైలంటే గుర్వమ్మకు భయం లేదు. రాత్రి తోలుకొచ్చి ఇండ్ల దొడ్లలో మూసిన మందల గురించే ఆమె భయం. తోలేవాడు లేడు, నీళ్లు పెట్టేవాడు లేడు. పక్కనే ఉన్న మొగుడు కూడా అదే ఆలోచిస్తున్నాడు. లారీ ఊరు దాటి కొత్తకోట ఠాణా బాట పట్టింది. కురుమలందరూ ఎర్రగట్టువైపే చూస్తున్నారు.

గుట్ట మొదట్లో దుమ్ము లేచింది. దుమ్ములోంచి మంద, దాని వెనక ఇంకో మంద. అడ్డదిడ్డంగా, వంకరటింకరగా, సగం వాగువైపు సగం చేన్లవైపు చీలిపోతూ గొర్రెలు గుట్టెక్కుతున్నాయి. వాటి వెనక చీర కుచ్చిళ్లు దోపుకుని హనుమమ్మ. పక్కన తుమ్మకొమ్మ ఊపుతూ రామచంద్రయ్య. వెనక ఇంకా కూలోళ్లు, రైతుల ఆడవాళ్లు. వాళ్లలో ఎన్నడైనా గొర్రెలు కాసినవాళ్లు ఒక్కరూ లేరు. అరుస్తున్నారు, పరుగెడుతున్నారు, పడుతున్నారు, లేస్తున్నారు. కానీ గుట్టమీదికే పోతున్నారు.

బీరన్న ఫక్కున నవ్వాడు. పగిలిన పెదవితోనే మల్లప్ప కూడా నవ్వాడు. గుర్వమ్మకు మాత్రం నవ్వడానికి తీరిక లేదు. పోలీసువాడు చెయ్యి పట్టి లాగుతున్నా లారీ అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"ఎనకనుంచి కొట్టకు హనుమమ్మా!" అని గుట్టదాకా వినబడేట్టు కేకేసింది. "ముందు కొమ్ముల పొట్టేలును తోలు! అది ఎక్కితే అన్నీ ఎక్కుతయి!"