అప్పగింతల నాటి మాట

చలికాలం పొద్దునపూట యాదగిరి వరండా వదిలి కదలడు. ఎండ మెత్తగా ఉంటుంది. కోడలు ఇచ్చిన టీ గ్లాసు అరచేతుల్ని వెచ్చబెడుతుంది. భార్య పోయి ఏళ్లయినా, ఆమె కూర్చునే గోడవారకే ఎండ అందరికంటే ముందు వచ్చి కూర్చుంటుంది. అదీ ఒక మేలే అనుకుంటాడాయన.

ఆ రోజు లోపల టీవీలో యుద్ధం వార్తలు వస్తున్నాయి. ఉక్రెయిన్‌కు రక్షణ హామీ ఇచ్చే విషయమై పెద్ద దేశాలు మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటున్నాయట. కోడలు హాలీనా గడపకు ఆనుకుని నిలబడి వింటోంది. ఆమెది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరం. యాదగిరి కొడుకు అన్వేష్ అక్కడికి డాక్టరు చదువుకు పోయినప్పుడు పరిచయమైంది. యుద్ధం మొదలయ్యాక ఇద్దరూ కలిసే సరిహద్దు దాటి మేడ్చల్ చేరారు. శామీర్‌పేట చెరువు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఈదమ్మ దగ్గర హాలీనా తెలుగు నేర్చుకుంది. "నీ తెలుగుల చెరువు వాసన వస్తది" అని అన్వేష్ ఏడిపిస్తుంటాడు.

"మామా, పెద్దోళ్లు ఇచ్చిన మాట మీద నిలవడ్తరా?" అని అడిగింది హాలీనా.

"ఏ పెద్దోళ్లు బిడ్డా?"

"ఏ పెద్దోళ్లయినా." టీవీ మీంచి చూపు తిప్పి అంది. "మా అమ్మ ఫోన్ జేసింది. పక్క బిల్డింగు మీద బాంబు పడ్డదట. కిటికీలన్ని పోయినయ్. కరెంటు లేదు, ఇల్లంత ఐసు లెక్క ఉన్నదట. నీకు ఒక మాట అడగమన్నది. మీ మామ పెండ్లినాడు చెప్పిన మాట ఇంక ఉన్నదా అని."

యాదగిరి టీ గ్లాసు కింద పెట్టాడు.

పెళ్లికి హాలీనా తల్లి ఒలెనా రాలేకపోయింది. తండ్రి ఎప్పుడో పోయాడు. అప్పగింతల వేళ పిల్ల చేతిని ఎవరు అత్తింటివాళ్ల చేతిలో పెట్టాలన్న ప్రశ్న వస్తే, ఎవరో ఫోన్‌లో ఒలెనాను చూపించారు. యాదగిరి ఆ ఫోన్ అద్దం మీద అరచెయ్యి ఆనించి, "వదినె, మీరేం రంది పెట్టుకోకుండ్రి. మీకు ఏ కష్టమొచ్చినా మేమున్నం" అన్నాడు. అన్వేష్ అదే ఆమెకు వాళ్ల భాషలో చెప్పాడు. అవతల ఆమె చాలాసేపు ఏడ్చింది.

ఆ మాట ప్రతి పెళ్లిలోనూ అనేదే. మేడ్చల్ పక్కనే ఉన్న సొంతూరికి రెండుసార్లు సర్పంచ్‌గా చేసిన యాదగిరి నోటి నుంచి ఆ మాట ఎన్ని పందిళ్లలో రాలిందో లెక్కలేదు. అది అక్షింతల్లాంటిది. చల్లుతారు, దులుపుకుంటారు. రాలిన గింజను ఏరి దాచుకుని, ఇదిగో మీరు ఇచ్చింది అని మళ్లీ తెచ్చినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

"సూద్దాం తియ్యి బిడ్డా" అన్నాడాయన.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. మేడ్చల్ చుట్టుపక్కల సర్పంచ్ 'సూద్దాం' అంటే కాదని అర్థం. హాలీనా మూడేళ్లుగా ఈ ఇంట్లో ఉంటోంది, ఆ ముక్క ఆమెకూ తెలుసు. లోపలికి వెళ్లి టీవీ కట్టేసింది.

కీసరలో ఉండే అక్క పద్మమ్మకు ఫోన్ చేసి, ఒలెనా ఇక్కడికొచ్చి ఉండాల్సి వస్తుందేమో అంటే ఆవిడ అంతెత్తున లేచింది.

"వియ్యంపురాలు బిడ్డ అత్తగారింట్ల కాపురముంటదార యాదీ? మనల ఎన్నడన్న ఉన్నదా? ఇంట్ల పెద్ద ఆడదిక్కు లేకపాయె. నువ్వు ఒంటోనివి, ఆమె ఒంటిది. కీసరగుట్ట మీద కోతులు గూడ ముచ్చట పెడ్తయ్."

"మాటిచ్చిన గదక్కా."

"పెండ్లిల ఇచ్చిన మాట ఎవలన్న పట్టుకుంటరార! పరాయి దేశపామె, ఆమెకేం ఎరుక?"

నిజమే, ఆమెకు తెలియదు. అందుకే నమ్మింది. ఆ సంగతే యాదగిరికి ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. కోడలికి ఇష్టమైన కొర్రమట్ట చేప తెద్దామని స్కూటర్ తీసి శామీర్‌పేట చెరువుకు పోయాడు.

ఈదమ్మ మొగుడు గండయ్య గట్టు మీద వల దులుపుతున్నాడు.

"ఏం పటేలా, మొఖం గట్ల గుంజుకపోయింది? కోడలు అన్నం పెడ్తలేదా?"

"పెడ్తాంది తియ్యి. మంచి కొర్రమట్ట ఉంటే ఇయ్యి."

గండయ్య బుట్టలో చెయ్యి పెట్టి వెతుకుతూ మాట కలిపాడు. "మీ కోడలు మా ఈదమ్మతోని ఎన్నెన్ని ముచ్చట్లు చెప్తదో పటేలా. వాళ్ల దేశంల ఒకప్పుడు పెద్ద పెద్ద బాంబులుండెనట. అవి ఇచ్చేయుండ్రి, మీ సరిహద్దు జోలికి ఎవ్వలు రారు అని పెద్ద దేశాలు సంతకాలు చేసినయట. నమ్మి ఇచ్చిండ్రట. సంతకం చేసినోళ్లలనే ఒకడు మీదికొచ్చిండట. మిగిలినోళ్లు సామాన్లు పంపిండ్రట గని పక్కకొచ్చి నిలవడ్డోడు లేడట. నిజమేనా?"

"నిజమే."

"మా ఈదమ్మకు పానం ఆగదు గద. మరి నీకు ఎవలున్నరు బిడ్డా అని అడిగిందట. నీ కోడలు ఏమన్నదో ఎరుకనా? 'మా మామ ఉన్నడు. సంతకం గింతకం ఏం లేదు. ఉత్తగనే చెప్పిండు, అయినా గట్టిది' అన్నదట." గండయ్య నవ్వుతూ చేపను సంచిలో వేశాడు. "మా ముసల్ది గా మాట నాకు ఇప్పటికి పదిమార్లు చెప్పింది."

యాదగిరి సంచి అందుకున్నాడు. చేప ఇంకా కొట్టుకుంటోంది. పొద్దున వరండాలో టీవీ వార్తలు వింటూ, సంతకం చేసి మరీ ఇట్లా చేస్తారా అని ఆ పెద్ద దేశాలను మనసులో తిట్టుకున్నది తనే. ఆ టీ చల్లారకముందే తనూ అదే చేశాడు. ఆయనకు తన మీద తనకే నవ్వొచ్చింది. నవ్వు రావడంతోనే గుండె తేలికయింది.

ఇంటికొచ్చేసరికి హాలీనా దండెం మీద బట్టలు ఆరేస్తోంది.

"బిడ్డా, మీ అమ్మను రమ్మను."

ఆమె వెనక్కి తిరగలేదు. "సూద్దామన్నవు గద మామా."

"సూసిన. రమ్మను. పైన అర్ర ఖాళీగనే ఉన్నది. పొద్దంత ఎండ వస్తది."

తడి తువ్వాలు అట్లాగే ముఖానికి అద్దుకుంది హాలీనా. చాలాసేపు తియ్యలేదు. యాదగిరి చేపల సంచి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. అట్లా నిలబడటం కూడా ఆయనకు బాగుంది.

మర్నాడు పద్మమ్మ కీసర నుంచి వచ్చి దిగింది. తమ్ముడితో మాట్లాడకుండా నేరుగా బీరువా తెరిచి, అడుగు అరలోంచి ఒక పట్టుచీర లాగింది. దుకాణం కవరు ఇంకా చిరగలేదు. పెళ్లిలో వియ్యంపురాలికి పెట్టాలని ఆవిడే కొన్న చీర అది.

"రాత్రి ఈ చీర యాదికొచ్చి కండ్లు మూతవడలే. ఆమెకు చీర పెట్టలే, బొట్టు పెట్టలే. అప్పగింతలు సగంలనే ఉన్నయ్. సగం పెండ్లి చేసి మాట తప్పుతమా?" అని కసిరింది.

"నేను రమ్మన్ననే అక్కా."

"రమ్మంటే అయిపాయెనా? ఈడ ఉంటే నలుగురు నాలుగంటరు. ఆమె నా ఇంట్ల ఉంటది. ఆడబిడ్డ ఇంటికి చుట్టం వస్తే ఎవని సొమ్ము పోయింది? పొద్దుగాల బస్సెక్కితే బిడ్డను సూసుకొని మాపటికి రావచ్చు."

"మరి గుట్ట మీది కోతులు?"

"కోతుల సంగతి నేను సూసుకుంట. నువ్వు జల్దీ పని జరిగేటట్టు సూడు."

వీసా పనులు అన్వేష్ చూసుకున్నాడు. ఒలెనా రైల్లో పోలండ్ చేరి, అక్కడ విమానమెక్కింది. శంషాబాద్‌లో దిగి, మధ్యాహ్నపు ఎండలో మందపాటి కోటు విప్పడం కూడా మరచి నిలబడింది. యాదగిరి నమస్కారం పెట్టబోయాడు. ఆమె ఆయన కుడిచేతిని అందుకుని, అరచేతికి తన అరచెయ్యి ఆనించి, మెల్లగా ఏదో అంది.

హాలీనా తెలుగులో చెప్పింది. "ఆ దినం మధ్యల అద్దం అడ్డముండె అంటాంది మామా."

ఇప్పుడు ఆదివారాలు యాదగిరి కీసరలోనే గడుపుతున్నాడు. అక్క ఇంటి ముందు మంచం మీద పద్మమ్మా ఒలెనా ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతారు. ఒకరి భాష ఒకరికి రాదు. మాటలు మాత్రం ఆగవు. అక్కడ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. ఒలెనా ఫోన్‌ను ఒడిలోంచి తియ్యదు. అయినా ఈమధ్య మధ్యాహ్నాలు కాస్త నిద్రపోతోందని హాలీనా చెప్పినప్పుడు యాదగిరి ఆ రోజంతా హాయిగా ఉన్నాడు.

లోపల టీవీలో మళ్లీ అవే చర్చలు, అవే బల్లలు.

"గా పెద్ద దేశాలోళ్లు ఏమంటున్నర్ర యాదీ?" అని అరిచింది పద్మమ్మ.

యాదగిరి కాసేపు విన్నాడు. "సూద్దామంటున్నరక్కా."

"అయితే కట్టెయ్ దాన్ని." పద్మమ్మ ఒలెనా చేతిలోంచి చిక్కుడుకాయ లాక్కుంది. "గట్ల కాదు వదినె. గిట్ల, కొస కెల్లి పీచు గుంజాలె."

ఒలెనా బుద్ధిగా తలూపి, ఇంకో కాయ తీసుకుంది.