బేస్ బాక్సుల వరస

అన్నయ్యకు పెళ్లయ్యేదాకా సౌండ్ విషయంలో ఆ ఇంట్లో చిన్నిదే ఆఖరి మాట. కచేరీలకు స్పీకర్లు పెట్టే పని వాళ్లది. ఏ బాక్సు ఎక్కడ పెట్టాలన్నా అన్నయ్య "చిన్నీ, ఏమంటావ్?" అనేవాడు. వదిన కూడా ఇదే పనిలో ఆరితేరిన మనిషి. ఆమె వచ్చిన దగ్గర్నుంచి ఆ ప్రశ్న అటు తిరిగింది. చిన్ని పైకి నవ్వేది గానీ లోపల కుతకుత ఉడికిపోయేది.

ఆ రోజు మైదానంలో పాటల కచేరీ. స్టేజి ముందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా బేస్ బాక్సులన్నీ ఒకే వరసలో పేర్పించింది చిన్ని.

"అంత వరస వద్దేమో," అంది వదిన. "పొడుగయ్యే కొద్దీ బేస్ ఎదురుగానే దూసుకుపోతుంది. పక్కలకి అందదు."

"బాక్సులు ఎక్కువైతే మోత తగ్గుతుందా వదినా? ఇదెక్కడి విడ్డూరం?"

వదిన చిన్నగా నవ్వి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అది చిన్నికి పుండు మీద కారం చల్లినట్టయింది.

సాయంత్రం టెస్టు పాట వేశారు. మైదానం నడుమ బేస్ గుండెల మీద గుద్దింది. చిన్ని గర్వంగా పక్క గేటు వైపు నడిచింది. నడిచే కొద్దీ డ్రమ్ము పలచబడింది. గేటు దగ్గరికొచ్చేసరికి పాట ఉప్పులేని కూరలా చప్పగా ఉంది.

మళ్లీ పేర్చే టైము లేదు. జనాన్ని లోపలికి వదిలేస్తున్నారు. నేలచూపులు చూస్తూ వదిన దగ్గరికి వెళ్లి, "పక్కల్లో బేస్ లేదు," అంది.

"బాక్సులు కదపక్కర్లేదులే." నడిమి బాక్సులు ముందు, చివరివి రవ్వంత ఆలస్యంగా మోగేలా ల్యాప్‌టాప్‌లో సర్దింది వదిన. "వరస విల్లులా వంగినట్టే ఇక, బేస్ పక్కలకీ పరుచుకుంటుంది. వెళ్లి విను."

ఇది పనిచేయకూడదని దారంతా కోరుకుంది చిన్ని. గేటు దగ్గర బేస్ నిండుగా వినబడింది.

కచేరీ అయ్యాక అన్నయ్య వచ్చాడు. "పక్కల్లో నిలబడ్డవాళ్లకీ భలే వినబడిందట. ఎవరి ఐడియా?"

"చిన్నిదే," అంది వదిన.

చిన్నికి ఒళ్లు మండింది. తెలివీ ఈమెదే, మంచితనమూ ఈమెదేనా? "నాది కాదు. నేను పేర్చింది తప్పు. వదినే సరిచేసింది."

అన్నయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కేబుళ్లు చుట్టడానికి పోయాడు.

"నీ దానం నాకక్కర్లేదు," అంది చిన్ని.

వదిన ముఖం చిన్నబోయింది. "దానమేంటే? ఈ పని గురించి మాట్లాడుకోడానికి ఇంట్లో నువ్వు తప్ప నాకెవరున్నారు? మీ అన్నయ్య అడగడమే గానీ వినడు."

అది నిజమే. చిన్నికి నవ్వొచ్చింది, ఆపుకుంది. కుళ్లు మాత్రం పోలేదు. కానీ ఆ లెక్క తెలుసుకోకుండా ఇంటికి పోవడం ఆమె వల్ల కాలేదు.

"ఏ బాక్సుకి ఎంత ఆలస్యం పెట్టాలో ఎలా తెలిసింది?" అంది, వదిన పక్కన కూర్చుంటూ.